మూడు డిస్కులు పోయాక: డీవీడీ అసలు ఎక్కడ ఆగుతోందో పట్టుకోవడం

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. అమ్మానాన్నల 1997 నాటి పెళ్ళి క్యాసెట్‌ని యూఎస్‌బీ క్యాప్చర్ కార్డుతో కంప్యూటర్‌లోకి ఎక్కించారు. చివర్లో అమెరికాలో ఉన్న అన్నయ్య ఫోన్లో తీసి పంపిన శుభాకాంక్షల క్లిప్పు కలిపారు. మొత్తం 118 నిమిషాలు. దానికో మెనూ పెట్టి, ఊళ్ళో అమ్మమ్మగారు తన పాత ప్లేయర్‌లో చూసుకునేలా డీవీడీ చేద్దామనుకున్నారు. మొదటిసారి 62 శాతం దగ్గర ‘ఎన్‌కోడింగ్ ఫెయిల్డ్’ అని ఆగింది. క్వాలిటీ తగ్గించి మళ్ళీ పెడితే అది దాటింది గానీ, రైటింగ్ 94 శాతానికి వచ్చి ఆగిపోయింది. వేరే కంపెనీ డిస్క్ కొని పెడితే అసలు మొదలవకుండానే ‘పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్’. విసుగొచ్చి ఎంపీ4 ఫైల్‌నే ఇంకో డిస్క్ మీదకి లాగి పడేస్తే, కంప్యూటర్‌లో బాగానే ఆడింది, ప్లేయర్‌లో మాత్రం ‘నో డిస్క్’. ల్యాప్‌టాప్, దానికి యూఎస్‌బీ హబ్, హబ్‌కి పల్చటి బయటి రైటర్. సాఫ్ట్‌వేర్ మార్చాలా, రైటర్ మార్చాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడప్పుడే రెండూ మార్చకండి. పదేళ్ళకి పైగా పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసినవాణ్ణి, బ్లాంక్ డిస్కులు యాభై ప్యాక్ డబ్బాల లెక్కన పాడుచేసినవాణ్ణి, ఆ అనుభవంతో చెప్తున్నా. మీకొచ్చినవి నాలుగు వేర్వేరు రోగాలు. సాఫ్ట్‌వేర్‌లో ‘బర్న్’ అని ఒకే ఒక్క బటన్ ఉంటుంది కాబట్టి ఏం జరిగినా అది బర్నింగ్ ఎర్రరే అనిపిస్తుంది. ఆ బటన్ నొక్కాక లోపల మూడు పనులు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. ముందు మీ వీడియోని డీవీడీకి కావలసిన ఎంపెగ్-2 పద్ధతిలోకి మార్చాలి, దీన్నే ఎన్‌కోడింగ్ అంటారు. ఇది గంటల పని. తర్వాత మెనూ, బటన్లు, చాప్టర్లు అన్నీ కలిపి వీడియో టీఎస్ అనే ఫోల్డర్ కట్టాలి, ఇది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాతే లేజర్ పని మొదలవుతుంది. మీ మొదటి ప్రయత్నంలో లేజర్ వెలగనే లేదు, పాపం రైటర్‌కి ఆ గొడవతో సంబంధమే లేదు.

అందుకని మొట్టమొదట చేయాల్సింది, ఆ సాఫ్ట్‌వేర్ చేత డిస్క్ రైట్ చేయించడం మానేయడం. దాదాపు ప్రతి ఆథరింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ, అంటే ఇలా డీవీడీ కట్టే సాఫ్ట్‌వేర్‌లో, అవుట్‌పుట్ దగ్గర డిస్క్‌తో పాటు ‘ఫోల్డర్’ అనో ‘ఐఎస్ఓ ఇమేజ్’ (మొత్తం డిస్క్‌కి నకలు, ఒకే ఫైల్‌గా) అనో ఇంకో టిక్కు ఉంటుంది. అది పెట్టి హార్డ్‌డిస్క్‌లోనే తయారు చేయండి. తయారైన ఫోల్డర్‌ని కంప్యూటర్‌లో వీడియోలు చూసే వీఎల్‌సీలో తెరిచి మెనూ నొక్కి చూడండి. ప్రతి బటన్ పనిచేస్తోందా, మధ్యమధ్య జరిపితే బొమ్మ వస్తోందా, చివరి నిమిషం వరకూ ఉందా, మాట పెదాలకి కలుస్తోందా. ఇక్కడ బాగుంటే మొదటి రెండు పనులూ అయినట్టే, ఇక మిగిలిన తప్పు ఏదైనా రైటర్, డిస్క్, కేబుల్, కరెంటు వీటి మధ్యే ఉంటుంది. ఇక్కడే బాగోకపోతే వంద డిస్కులు మార్చినా లాభం లేదు. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్ళకి నేను నేర్పిన మొదటి పాఠం ఇదే, వాళ్ళు మొదట మర్చిపోయేదీ ఇదే.

ఇప్పుడు ఆ 62 శాతం సంగతి.

ఎన్‌కోడింగ్ ప్రతిసారీ ఒకే శాతం దగ్గర ఆగుతుంటే తప్పు మీ వీడియోలో ఆ చోటే ఉంటుంది. 118 నిమిషాల్లో 62 శాతం అంటే సుమారు 73వ నిమిషం. టైమ్‌లైన్‌లో అక్కడికి వెళ్ళి, అటో నిమిషం ఇటో నిమిషం ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరిపి చూడండి. ఒక మెలిక ఉంది. మీరు టూ పాస్ ఎన్‌కోడింగ్ (వీడియోని మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివే పద్ధతి) పెట్టుకుంటే, కొన్ని సాఫ్ట్‌వేర్లు రెండు పాస్‌లనీ కలిపి వంద శాతంగా చూపిస్తాయి. అప్పుడు 62 అంటే రెండో పాస్‌లో 24 శాతం, అంటే 28వ నిమిషం. రెండు చోట్లా చూడండి.

అక్కడ ఏం కనిపిస్తుందో నేను ఊహించగలను. బొమ్మ కింది భాగం చిరిగినట్టు వంకరపోతుంది, లేదా అర సెకను నీలం తెర వచ్చి పోతుంది. జీలకర్ర బెల్లం దగ్గరో మాంగల్యధారణ దగ్గరో అయ్యుంటుంది. పాత పెళ్ళి క్యాసెట్లన్నీ అక్కడే అరుగుతాయండి. ఇంటికి చుట్టాలొచ్చిన ప్రతిసారీ వెనక్కి తిప్పి, ఆపి, ‘అదిగో మీ తాతయ్య’ అని చూపించేది ఆ చోటే కదా. పాజ్‌లో పెట్టినప్పుడు టేపు ఆగే ఉంటుంది, హెడ్ మాత్రం అదే ముక్క మీద తిరుగుతూనే ఉంటుంది. అలా ఎన్నిసార్లు జరిగితే అంత పూత రాలుతుంది. ఆ చోట సిగ్నల్ తెగితే క్యాప్చర్ కార్డు కొన్ని ఫ్రేములు వదిలేస్తుంది, ఫైల్‌లో టైమ్ లెక్క తప్పుతుంది. ఫైల్‌ని ఆడించే ప్లేయర్ ఆ తప్పుని దాటేసి పోతుంది, ఎన్‌కోడర్ అక్కడ నిలబడిపోతుంది. క్వాలిటీ తగ్గిస్తే దాటిందంటే నయమైందని కాదు, ఎలాగో గట్టెక్కిందంతే.

దీనికి మందు, ఆ క్యాప్చర్ ఫైల్‌ని ఒకసారి హ్యాండ్‌బ్రేక్ లాంటి వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఫ్రేమ్ రేటు 25, ‘కాన్‌స్టెంట్’ అని పెట్టి, క్వాలిటీ బాగా ఎక్కువగా ఉంచి కొత్త ఫైల్ చేసుకోవడం. టైమ్ లెక్కలు మళ్ళీ మొదటి నుంచి సరిగ్గా రాయబడతాయి. మీ అన్నయ్య ఫోన్ క్లిప్పుకి కూడా ఇదే వైద్యం చేయండి, దాని మీద నాకు ఇంకా ఎక్కువ అనుమానం ఉంది. ఫోన్లు వెలుతురుని బట్టి ఫ్రేమ్ రేటుని అటూ ఇటూ మారుస్తుంటాయి, ఒకచోట 30, ఇంకోచోట 27. దానికి తోడు కొత్త ఫోన్లు కొన్ని హెచ్ఈవీసీ అనే కొత్త వీడియో పద్ధతిలో తీస్తాయి, అది పాత ఆథరింగ్ సాఫ్ట్‌వేర్లకి అసలు తెలియని భాష. అలాంటి క్లిప్పు కలిపితే ఎన్‌కోడింగ్ ఆగిపోవచ్చు, ఆగకపోతే మాట ఒక దారి, పెదాలు ఒక దారి పోవచ్చు. రెండూ 25 ఫ్రేములు, హెచ్.264 అనే మామూలు వీడియో పద్ధతిలోకి చేసుకుని, పాతవి తీసేసి కొత్తవి టైమ్‌లైన్‌లో పెట్టండి.

ప్రాజెక్ట్ సెట్టింగ్ ‘పాల్’ (మన దేశపు టీవీ పద్ధతి) అని ఉందో లేదో కూడా చూసుకోండి. చాలా సాఫ్ట్‌వేర్లు అమెరికా లెక్కలో ఎన్‌టీఎస్‌సీతో తెరుచుకుంటాయి. మన క్యాసెట్లు పాల్, అంటే డీవీడీలో 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీ అయితే 720 బై 480, 29.97. ఆ తేడాలో తయారు చేస్తే ఎర్రర్ రాకపోవచ్చు గానీ, పల్లకీ నడుస్తుంటే కుదుపులు కుదుపులుగా వస్తుంది. పల్లకీ మోసేవాళ్ళ తప్పనుకుంటారు జనం.

సైజు లెక్క ఇంకోటి. డబ్బా మీద 4.7 జీబీ అని ఉంటుంది, విండోస్ అదే డిస్క్‌ని 4.38 జీబీ అని చూపిస్తుంది. మోసం ఏమీ లేదు, వాళ్ళు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. కాబట్టి విండోస్‌లో మీ ఐఎస్ఓ 4.5 జీబీ అని కనిపిస్తే అది పట్టదు. ఎంత బిట్‌రేట్ (సెకనుకి ఎంత డేటా) పెట్టాలో తేల్చుకోవడానికి నేను వాడే కొండగుర్తు, 560ని నిమిషాలతో భాగించడం. 118 నిమిషాలకి 4.7 మెగాబిట్లు వస్తుంది, అది ఆడియోతో కలిపి. మెనూకీ, అంచు వదలడానికీ చోటు మిగులుతుంది. ఆడియోని మాత్రం తప్పకుండా ఏసీ-3 అనే కుదించిన పద్ధతిలో 224 కిలోబిట్ల దగ్గర పెట్టండి. చాలామంది దాన్ని పీసీఎం లోనే వదిలేస్తారు. పీసీఎం అంటే కుదించని ఆడియో, 1536 కిలోబిట్లు. మీ 118 నిమిషాలకి అదొక్కటే దగ్గర దగ్గర 1.36 జీబీ తినేస్తుంది, అంటే డిస్క్‌లో నాలుగో వంతు పైన నాదస్వరానికే పోతుంది. ఆ బరువు మోయలేక సాఫ్ట్‌వేర్ బొమ్మ క్వాలిటీని పీకేస్తుంది, లేదా సైజు దాటిందని మొరాయిస్తుంది. పై వైపు కూడా ఒక గీత ఉంది. వీడియో ఒక్కటే 9.8, అన్నీ కలిపి 10.08 మెగాబిట్లు డీవీడీ ప్రమాణం. చిన్న వీడియో కదా అని గరిష్ఠానికి నెడితే పాత ప్లేయర్లు తడబడతాయి. నేనెప్పుడూ 8 దాటించలేదు.

ఇక రెండో పని, ఫోల్డర్ కట్టడం. ఇక్కడ ఆగితే చాలావరకు కారణం చాలా చిన్నదై ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ తాత్కాలిక ఫైళ్ళు పెట్టుకునే డ్రైవ్‌లో చోటు లేకపోవడం మొదటిది. ఒక డిస్క్‌కి కనీసం పది పన్నెండు జీబీ ఖాళీ ఉంచండి, ఫోల్డరూ ఇమేజూ రెండూ అక్కడే పుడతాయి. ఆ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే మరీ చిక్కు. దాంట్లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, మీ ఐఎస్ఓ సరిగ్గా అక్కడ తెగుతుంది, మెసేజ్ మాత్రం ‘డిస్క్ ఫుల్’ అని వస్తుంది. వంద జీబీ ఖాళీ చూపిస్తున్నా ఫుల్ ఏంటని జుట్టు పీక్కుంటారు. వీడియో టీఎస్ ఫోల్డర్ అయితే ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే అందులో వీడియో ఉండే వీఓబీ ఫైళ్ళు ఎలాగూ ఒక్కొక్కటి 1 జీబీ దాటకుండా ముక్కలవుతాయి.

ఫోల్డర్ పేర్లు కూడా చూసుకోండి. ‘అమ్మానాన్నల పెళ్ళి’ అని తెలుగులో ఫోల్డర్ పెట్టుకోవడం ముచ్చటగానే ఉంటుంది గానీ, పాత సాఫ్ట్‌వేర్లకి అది వరసగా ప్రశ్నార్థకాల్లా కనిపిస్తుంది, ఫైల్ దొరకలేదంటాయి. విండోస్ యూజర్ పేరు తెలుగులో ఉన్నా ఇదే గొడవ, టెంప్ ఫోల్డర్ ఆ పేరు కిందే ఉంటుంది కాబట్టి. డీ డ్రైవ్‌లో ‘పెళ్ళి1’ అని ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఒక ఫోల్డర్ చేసుకుని అన్నీ అందులో పెట్టండి. చాప్టర్ గుర్తులు రెండు ఒకే సెకనులో పడకుండా చూడండి. మెనూ బటన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. మెనూ మీద ఇంతకన్నా చెప్పను, మీ ఇబ్బంది అక్కడ లేదు.

ఇప్పుడు అసలు రైటింగ్. ఇమేజ్ తయారయ్యాక దాన్ని డిస్క్ మీదకి ఎక్కించడానికి ఇమ్‌జీబర్న్ వాడండి. ఉచితం. చివరి వెర్షన్ 2.5.8.0, 2013లో వచ్చింది, విండోస్ 10లో కూడా పనిచేస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఊరికే నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ పోకండి, అక్కర్లేని టిక్కులు తీసేయండి. నేను దీన్నే ఎందుకు చెప్తున్నానంటే అది లాగ్, అంటే జరిగినదాని చిట్టా, రాస్తుంది. ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ ‘ఏదో తప్పు జరిగింది’ అని చేతులు కడుక్కుంటుంది. ఇది మాత్రం రైటర్ ఏమందో అక్షరం పొల్లుపోకుండా రాస్తుంది.

ఎర్రర్ వచ్చినప్పుడు రైటర్ మూడు గుంపులుగా అంకెలు పంపుతుంది. అందులో మొదటిది చూస్తే చాలు, ఎటు వెతకాలో తెలుస్తుంది. మొదటి అంకె 2 అయితే రైటర్ ఇంకా సిద్ధంగా లేదు. 3 అయితే మీడియం, అంటే డిస్క్‌తో ఇబ్బంది. 4 అయితే హార్డ్‌వేర్, రైటర్ లోపలిదే. 5 అయితే రైటర్ చేయలేని పని, చేయకూడని పని మనం అడిగాం, ఉదాహరణకి ఫైనలైజ్ అయిపోయిన (ఇక రాయడానికి వీల్లేకుండా మూసేసిన) డిస్క్ మీద మళ్ళీ రాయమనడం. మీరు చూసిన పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్ 3తో మొదలై 73, 03 అని ముగుస్తుంది. 3, 0సీ, 00 వస్తే రైట్ ఎర్రర్. ‘సెమాఫోర్ టైమౌట్’ అని వస్తే ఈ గుంపులతో పనిలేదు, అది డిస్క్ తప్పు కానే కాదు. రైటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య మాట తెగిందని అర్థం. కేబుల్, హబ్, పోర్టు చూసుకోవాలి.

ఒక్క హెచ్చరిక. 3 వచ్చింది కదా అని వెంటనే డిస్క్‌ని తిట్టకండి. లెన్స్ మీద దుమ్ము పట్టిన రైటర్ కూడా డిస్క్ బాలేదనే అంటుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

కాలిబ్రేషన్ అంటే ఏంటో చెప్తే మీ మూడో ప్రయత్నం అర్థమవుతుంది. రైటర్ రాయడం మొదలుపెట్టే ముందు, డిస్క్ మధ్య రంధ్రానికి దగ్గరగా ఇందుకోసమే వదిలిన ఒక సన్నటి పట్టీ మీద లేజర్‌ని రకరకాల శక్తితో పరీక్షించుకుంటుంది. కూరలో ఉప్పు చూసినట్టు. ఆ డిస్క్ మీది రంగుపూతకి ఎంత వేడి సరిపోతుందో అక్కడ తేలుతుంది. ఏ శక్తితో రాసినా సరైన గుర్తు పడకపోతే చేతులెత్తేస్తుంది. కారణాలు మూడు. ఆ డిస్క్ రకం ఆ రైటర్‌కి పరిచయం లేకపోవడం, పూత పాతబడిపోవడం, లేజర్ నీరసించడం లేదా లెన్స్ మురికి. ఈరోజు షాపుల్లో దొరికే బ్లాంకుల్లో చాలావరకు ఎప్పుడో తయారైన సరుకు. నోయిడాలో మన దేశపు డిస్కులు చేసిన మోసర్ బేర్ 2018లో మూతపడే దశకి వచ్చి లిక్విడేషన్‌లోకి పోయింది, జపాన్ తాయో యూడెన్ 2015లోనే ఈ వ్యాపారం మానేసింది. ఎండ తగిలే షాపు అద్దాల బీరువాలో ఏళ్ళ తరబడి ఉన్న డబ్బా మీద ఎవరి పేరున్నా నమ్మలేం. ఇంకోటి, డబ్బా మీది పేరు వేరు, లోపల డిస్క్ తయారు చేసినవాడు వేరు. ఇమ్‌జీబర్న్‌లో కుడివైపు డిస్క్ వివరాల్లో మాన్యుఫ్యాక్చరర్ ఐడీ అని వస్తుంది, అదే అసలు పేరు. మీ రైటర్ ఏ ఐడీతో బాగా రాస్తుందో ఒకసారి తెలిస్తే ఆ డబ్బానే వెతికి కొనుక్కోండి.

ఆ మూడో ప్రయత్నంలో వాడిన డిస్క్‌ని పారేయలేదు కదా? పరీక్ష దగ్గరే ఆగింది కాబట్టి అది ఇంకా ఖాళీగా ఉండొచ్చు. ఇమ్‌జీబర్న్ ‘ఎంప్టీ’ అని చూపిస్తే, వేగం మార్చి మళ్ళీ పెట్టి చూడండి.

వేగం గురించి ఒక మూఢనమ్మకం ఉంది, ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిదని. కాదు. 16 ఎక్స్ (మామూలు వేగానికి 16 రెట్లు) అని ముద్రించిన డిస్క్ పూత అంత వేగానికి తగ్గట్టు చేసింది, దాన్ని మరీ నెమ్మదిగా కాలిస్తే గుర్తులు సరిగ్గా పడవు. అలాగని 16 కూడా వద్దు. డెస్క్‌టాప్ రైటర్‌లో 8 ఎక్స్, పల్చటి రైటర్‌లో 4 లేదా 6 పెట్టండి. నిండు డిస్క్ 1 ఎక్స్‌లో 57 నిమిషాలు పడుతుంది, 8లో పది నిమిషాల లోపే. ఎన్‌కోడింగ్‌కి మూడు గంటలు ఆగినవాళ్ళకి ఇక్కడ నాలుగు నిమిషాలు మిగుల్చుకుని ఒరిగేదేం లేదు.

ఇప్పుడు 94 శాతం. డీవీడీ లోపలి నుంచి బయటికి రాస్తుంది, గ్రామఫోన్ రికార్డుకి తిరగబడి. 94 అంటే దాదాపు బయటి అంచు. చవక డిస్కుల్లో రంగుపూత అంచుకి వచ్చేసరికి పల్చబడుతుంది, డిస్క్ ఏ మాత్రం వంగి ఉన్నా అక్కడే ఊగుతుంది, గరిష్ఠ వేగం కూడా అక్కడే అందుకుంటుంది. మూడు కష్టాలూ ఒకే చోట. అందుకే నేను 4.2 జీబీ దాటి ఏ డిస్కూ నింపేవాణ్ణి కాదు, అంటే డబ్బా లెక్కలో ఆఖరి అరజీబీ వదిలేసేవాణ్ణి. 560 కొండగుర్తు వెనక ఉన్నది కూడా అదే.

అయితే మీ విషయంలో అంచు ఒక్కటే కాదు, ఆ హబ్ మీద కూడా నాకు అనుమానం. పోయిన డిస్కులు చేతిలో ఉంటే ట్యూబ్‌లైట్ కింద వాలుగా పట్టుకుని రాసిన వైపు చూడండి. కాలిన భాగం కాస్త ముదురు రంగులో ఉంటుంది, అది ఎక్కడ ఆగిందో చక్కగా ఒక వలయం కనిపిస్తుంది. రెండు మూడు డిస్కుల్లో వలయం ఒకే చోట ఆగితే డిస్కుల బ్యాచ్‌నో వేగాన్నో అనుమానించండి. ఒక్కోదాంట్లో ఒక్కోచోట ఆగితే డిస్కులు మార్చడం ఆపేసి కరెంటు వైపు చూడండి.

నాకిది ఎలా తెలిసిందో చెప్తా. ఒక పెళ్ళివారు ముప్ఫై కాపీలు అడిగారు. మే నెల, పైన రేకులు. మొదటి ఆరు బాగా వచ్చాయి, తర్వాత వరసగా ఫెయిల్. డబ్బా మార్చాను, వేగం తగ్గించాను, చివరికి రైటరే కొత్తది కొన్నాను. అయినా అంతే. పోయిన పదకొండు డిస్కులనీ టేబుల్ మీద పరిచి చూస్తే ఒక్కదాని వలయానికీ ఇంకోదాని వలయానికీ పొంతన లేదు. ఒకటి సగంలో, ఒకటి పావులో, ఒకటి అంచున. అప్పుడు వెలిగింది. ఆ రోజు పక్కన ఇంకో పెళ్ళి వీడియోని అదే కంప్యూటర్‌లో రెండరింగ్ (ఎడిట్ చేసినదాన్ని వీడియోగా తయారు చేయడం) పెట్టి ఉంచాను. ప్రాసెసర్, రెండు హార్డ్‌డిస్కులు, రైటర్ అన్నీ ఒకేసారి లాగేసరికి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) మోయలేకపోతోంది. లేజర్‌కి ఆ క్షణంలో కావలసినంత కరెంటు అందడం లేదు. రెండరింగ్ ఆపితే మిగతా కాపీలన్నీ గడగడా వచ్చేశాయి. ఆ కొత్త రైటర్ ఇప్పటికీ నా అలమరాలో ఉంది.

మీ పల్చటి రైటర్‌దీ అదే కథ కావచ్చు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. రాసేటప్పుడు ఈ రైటర్లు ఆ మొదటి లెక్కని దాటి లాగగలవు. మీరు దాన్ని హబ్‌కి పెట్టారు, అదే హబ్‌కి మౌసూ బయటి హార్డ్‌డిస్కూ ఉన్నాయన్నారు. హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ 3.0 పోర్టుకి పెట్టండి. రైటర్‌తో రెండు తలల కేబుల్ ఇచ్చి ఉంటే రెండూ గుచ్చండి. పొడుగు కేబుల్ వద్దు. ఛార్జర్ పెట్టి ఉంచండి, స్లీప్ ఆపేయండి, రాస్తున్నంతసేపూ ఇంకేం పని చేయకండి. కాలిబ్రేషన్ ఎర్రర్‌కి కూడా ఇదే కారణమైనా నేను ఆశ్చర్యపోను. లెన్స్ తుడవాలంటే పల్చటి రైటర్‌లో సులువు, ట్రే తెరిస్తే లెన్స్ పైకే కనిపిస్తుంది. గాలి ఊదే బల్బుతో రెండుసార్లు ఊదండి. నోటితో వద్దు, ఉమ్మి పడుతుంది.

నాలుగోది, ‘నో డిస్క్’. మీరు ఎంపీ4 లాగినప్పుడు విండోస్ ఒక ప్రశ్న అడిగి ఉంటుంది, డిస్క్‌ని యూఎస్‌బీ డ్రైవ్‌లా వాడతారా, లేక సీడీ డీవీడీ ప్లేయర్‌తోనా అని. మొదటిదే ముందు నుంచీ ఎంపికై ఉంటుంది, అందరూ నెక్స్ట్ కొట్టేస్తారు. అలా చేసిన డిస్క్ పెన్‌డ్రైవ్‌లా పనిచేస్తుంది, ఇంట్లో ఉండే ప్లేయర్‌కి దాని తలా తోకా తెలియదు. ఒకవేళ రెండోది ఎంచుకున్నా లోపల ఉన్నది ఎంపీ4 కదా. ఆ కాలపు ప్లేయర్లు మహా అయితే డివ్‌ఎక్స్ అనే పాత పద్ధతి వీడియో చదివేవి, హెచ్.264 కాదు. ప్లేయర్‌కి కావలసింది వీడియో టీఎస్ ఫోల్డర్, దాంట్లో ఏది ఎక్కడుందో చెప్పే ఐఎఫ్ఓ ఫైల్, దానికి నకలైన బీయూపీ, వీఓబీలు. ఆ ఫోల్డర్‌ని కూడా మౌస్‌తో లాగి పడేయకండి, ఆ ఫైళ్ళు డిస్క్ మీద ఒక వరసలో, ఐఎఫ్ఓకీ బీయూపీకీ మధ్య కాస్త ఎడంతో ఉండాలి. ఇమ్‌జీబర్న్ ఆ వరస అదే చూసుకుంటుంది.

అమ్మమ్మగారి ప్లేయర్ వయసు తెలియదు కాబట్టి డీవీడీ-ఆర్ (మైనస్ ఆర్) తీసుకోండి, ప్లస్ ఆర్ కన్నా పాత ప్లేయర్లు దాన్నే ఎక్కువ ఒప్పుకుంటాయి. మైనస్ డిస్క్‌లో ఇంకో సుఖం, ఇమ్‌జీబర్న్‌లో ‘టెస్ట్ మోడ్’ పెడితే లేజర్ డిస్క్‌ని కాల్చకుండా మొత్తం రైటింగ్‌ని నటించి చూపిస్తుంది, కేబుల్ సంగతి అక్కడే తేలిపోతుంది. ప్లస్ డిస్కులకి ఆ సదుపాయం లేదు. ఇంకా మంచిది, ఒక డీవీడీ-ఆర్‌డబ్ల్యూ కొని పెట్టుకోవడం. వందలసార్లు చెరిపి రాసుకోవచ్చు. మెనూ బటన్లు ప్లేయర్‌లో ఎలా ఉన్నాయో చూడ్డానికి దాన్నే వాడండి, కాకపోతే కొన్ని పాత ప్లేయర్లు ఆర్‌డబ్ల్యూని చదవలేవు, అది చూసి బెంబేలెత్తకండి.

‘వెరిఫై’ (రాసింది సరిగ్గా పడిందో చదివి చూడటం) టిక్కు ఉంచండి. రైట్ అయ్యాక డిస్క్ మీద గుండ్రటి కాయితం స్టిక్కర్ అంటించకండి, వేడికి లేచి బరువు ఒక పక్కకి పోయి ప్లేయర్‌లో గరగరలాడుతుంది. మెత్తటి మార్కర్‌తో మధ్య రంధ్రం చుట్టూ ఖాళీలో తేదీ రాస్తే చాలు.

వరస ఇది. ముందు రెండు వీడియోలనీ 25 ఫ్రేములకి మార్చి, పాల్ ప్రాజెక్ట్‌లో, ఏసీ-3తో, 4.7 మెగాబిట్లకి మించకుండా ఫోల్డర్ తయారు చేయండి. 73వ నిమిషం దాటిందో లేదో వీఎల్‌సీలో చూడండి. తర్వాత హబ్ లేకుండా మూడో ప్రయత్నంలో మిగిలిన ఆ డిస్క్ మీదే 4 ఎక్స్‌లో పెట్టండి. మళ్ళీ ఆగితే ఇమ్‌జీబర్న్ లాగ్‌లో ఎర్రర్ వచ్చిన లైను, దానికి పైన పది లైన్లు, మాన్యుఫ్యాక్చరర్ ఐడీ ఈ మూడూ ఇక్కడ పెట్టండి. ఫోటో తీసి పెట్టకండి, అక్షరాలుగా కాపీ చేసి పెట్టండి. నాకు చత్వారం.